చైల్డ్ లాక్ పెట్టినా మళ్లీ ఆఫ్ అవుతోందా..? యాప్ వెనక డేటాబేస్‌లో జరిగే పొరపాటు ఇదీ!

వీడియో యాప్‌లో ఓ సెట్టింగ్ మారుస్తారు. సేవ్ అయినట్టు స్క్రీన్ మీద టిక్ మార్క్ కూడా పడుతుంది. కాసేపటికి చూస్తే మళ్లీ పాత సెట్టింగే కనిపిస్తుంది. నెట్ సరిగా లేదేమో, ఫోన్ పాతదైపోయిందేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ ఇలాంటి కేసుల్లో కొన్నింటికి అసలు కారణం ఫోన్‌లో ఉండదు. యాప్ వెనక ఉన్న డేటాబేస్‌లో సమాచారం రాసే పద్ధతిలో ఉంటుంది. చిన్న ముక్క మార్చాల్సిన చోట మొత్తం డేటాను తిరగరాయడమే ఆ పొరపాటు.

సబ్‌టైటిల్స్ ఆన్, ఆఫ్ లాంటివైతే ఫర్వాలేదు. పిల్లల కోసం పెట్టిన లాక్, 'నాకు మెసేజ్‌లు పంపొద్దు' అని ఎంచుకున్న ఆప్షన్, డెలివరీ అడ్రస్ లాంటివి చెప్పాపెట్టకుండా పాతవైపోతే మాత్రం నష్టం వాడేవాళ్లదే. పైగా ఎక్కడా ఎర్రర్ రాదు. దాంతో యాప్ తయారుచేసినవాళ్లకు కూడా వెంటనే తెలియదు. ఇంతకీ ఇదెలా జరుగుతుంది? దీన్ని ఆపేదెలా?

అసలు జేసన్ అంటే ఏంటి?

యాప్‌లు, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే డేటా పద్ధతి పేరు జేసన్. అమెరికా ప్రోగ్రామర్ డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2000ల మొదట్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పేరు, దాని పక్కన విలువ.. అంతే. ఉదాహరణకు ఓ వీడియో యాప్‌లో యూజర్ సెట్టింగ్స్ ఇలా ఉండొచ్చు:

{"భాష": "తెలుగు", "క్వాలిటీ": 720, "డేటా సేవర్": "ఆన్", "చైల్డ్ లాక్": "ఆఫ్"}

ఇందులో 'భాష', 'క్వాలిటీ' లాంటి పేర్లను కీ అంటారు. ఒక కీ లోపల ఇంకో జేసన్ పెట్టొచ్చు. దాని లోపల మరోటి కూడా పెట్టొచ్చు. రేపు కొత్త సెట్టింగ్ వస్తే ఇంకో కీ చేర్చితే సరిపోతుంది. డెవలపర్లకు ఇది బాగా నచ్చడానికి కారణం కూడా ఇదే.

టేబుల్‌లోకి ఎలా వచ్చింది?

రిలేషనల్ డేటాబేస్ అంటే వరుసలు, కాలమ్‌లతో ఉండే టేబుళ్లు. ఒక్కో యూజర్‌కు ఒక్కో వరుస ఉంటుంది. పేరుకో కాలమ్, ఫోన్ నంబర్‌కో కాలమ్. పద్ధతిగా ఉంటుంది కానీ, కొత్త సెట్టింగ్ వచ్చిన ప్రతిసారీ కొత్త కాలమ్ చేర్చాలి. అందుకే 'మారుతూ ఉండేవన్నీ ఒకే కాలమ్‌లో జేసన్‌గా పడేద్దాం' అనే పద్ధతి మొదలైంది.

డేటాబేస్‌లు కూడా దీనికి తగ్గట్టు మారాయి. పోస్ట్‌గ్రెస్ 2012లో 9.2 వెర్షన్‌తో జేసన్ కాలమ్ తెచ్చింది. 2014 డిసెంబర్‌లో వచ్చిన 9.4లో దానికి 'జేసన్‌బీ' అనే బైనరీ రూపం ఇచ్చింది. మైఎస్‌క్యూఎల్ 2015లో 5.7 వెర్షన్‌తో ఈ దారిలోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 ఎడిషన్‌లో జేసన్ ఫంక్షన్లు ఇచ్చింది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో ఉండే బుల్లి డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లోనూ ఇప్పుడు జేసన్ ఫంక్షన్లు ఉన్నాయి.

అంతా బాగానే ఉంది. చిక్కంతా మార్పు చేసే దగ్గరే.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

చాలా యాప్‌లలో మార్పు ఇలా జరుగుతుంది. సర్వర్ ముందు ఆ యూజర్ జేసన్ మొత్తాన్ని డేటాబేస్ నుంచి చదువుతుంది. తన దగ్గరున్న కాపీలో ఒక కీ మారుస్తుంది. తర్వాత మొత్తం జేసన్‌ను తిరిగి డేటాబేస్‌లో రాసేస్తుంది. ఒక్కరే వాడుతుంటే ఇబ్బంది లేదు. ఇంట్లో ఒకే అకౌంట్‌ను ఫోన్‌లో ఒకరు, టీవీలో ఇంకొకరు వాడుతుంటేనే సమస్య. ఉదాహరణకు ఒకే సమయంలో ఇలా జరిగిందనుకుంటే..

1. టీవీలో పిల్లాడు భాష మార్చే బటన్ నొక్కాడు. సర్వర్ అతని కోసం మొత్తం జేసన్ చదివింది. అందులో చైల్డ్ లాక్ 'ఆఫ్' అని ఉంది.

2. అదే క్షణంలో తల్లి ఫోన్‌లో చైల్డ్ లాక్ ఆన్ చేసింది. ఆమె కోసం సర్వర్ ఇంకో కాపీ చదివింది. ఇందులోనూ లాక్ 'ఆఫ్' అనే ఉంది.

3. తల్లి కాపీలో లాక్ 'ఆన్'గా మారింది. మొత్తం జేసన్ డేటాబేస్‌లోకి వెళ్లింది. ఇప్పుడు డేటాబేస్‌లో లాక్ ఆన్. ఆమె ఫోన్‌లో టిక్ పడింది.

4. పిల్లాడి కాపీలో భాష 'హిందీ'గా మారింది. అదీ మొత్తంగా డేటాబేస్‌లోకి వెళ్లింది. కానీ ఆ కాపీలో లాక్ ఇంకా 'ఆఫ్' అనే ఉంది కదా!

ఫలితం.. భాష హిందీ అయింది, లాక్ ఎగిరిపోయింది. పిల్లాడు లాక్ జోలికే వెళ్లలేదు. తల్లి చేసిన పనిలో తప్పు లేదు. డేటాబేస్ కూడా చెప్పింది చెప్పినట్టే రాసింది. ఎవరి తప్పూ లేనట్టు కనిపించే ఈ లోపాన్ని 'లాస్ట్ అప్‌డేట్' అంటారు. అంటే చేసిన మార్పు గల్లంతు కావడం.

ఇంట్లో కిరాణా చీటీతో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చీటీని ఇద్దరు వేర్వేరు కాగితాల మీద ఎత్తి రాసుకున్నారు. ఒకరు కందిపప్పు చేర్చి తమ కాగితాన్ని గోడకు తగిలించారు. ఇంకొకరు నూనె చేర్చి, ఆ కాగితం తీసేసి తమది తగిలించారు. షాపుకెళ్లిన మనిషి చేతిలో నూనె ఉంటుంది.. కందిపప్పు ఉండదు. గోడ మీది చీటీలోనే ఎవరిది వాళ్లు ఒక లైను రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పాక్షిక అప్‌డేట్ అంటే ఇదే

ఆ 'గోడ మీది చీటీలోనే ఒక లైను రాయడమే' పాక్షిక అప్‌డేట్. మొత్తం జేసన్‌ను బయటికి తేకుండా, 'ఈ యూజర్ వరుసలో, సెట్టింగ్స్ కాలమ్‌లో, చైల్డ్ లాక్ అనే కీ దగ్గర ఆన్ అని పెట్టు' అని డేటాబేస్‌కే చెప్పడం. ఇందుకోసం ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో ఫంక్షన్ ఉంది.

* పోస్ట్‌గ్రెస్: 'జేసన్‌బీ_సెట్'. 2016 జనవరిలో 9.5 వెర్షన్‌తో వచ్చింది. 2021లో వచ్చిన 14 వెర్షన్ నుంచి అయితే కాలమ్ పేరు పక్కన చదరపు బ్రాకెట్‌లో కీ పేరు పెట్టి నేరుగా విలువ ఇవ్వొచ్చు.

* మైఎస్‌క్యూఎల్: 'జేసన్_సెట్', 'జేసన్_ఇన్సర్ట్', 'జేసన్_రీప్లేస్', 'జేసన్_రిమూవ్'.

* ఎస్‌క్యూఎల్ సర్వర్: 'జేసన్_మాడిఫై'.

* ఎస్‌క్యూలైట్: 'జేసన్_సెట్', 'జేసన్_ప్యాచ్'.

* ఒరాకిల్: 19సీ వెర్షన్ నుంచి 'జేసన్_మెర్జ్‌ప్యాచ్', 21సీ నుంచి 'జేసన్_ట్రాన్స్‌ఫామ్'.

ఇద్దరూ ఒకేసారి రాస్తే?

ఇక్కడే పాక్షిక అప్‌డేట్ గొప్పతనం కనిపిస్తుంది. ఒక వరుసను ఎవరైనా అప్‌డేట్ చేస్తుంటే డేటాబేస్ దానికి తాళం వేస్తుంది. రెండోవారు ఆగాలి. మొదటి పని పూర్తయ్యాక తాళం తీస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్‌లో, రెండో అప్‌డేట్ అప్పుడే మారిన తాజా వరుస మీద పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలోనూ అప్‌డేట్ ఆదేశం తాజా వరుసనే పట్టుకుంటుంది. కాబట్టి తల్లి పెట్టిన లాక్ ఉంటుంది, పిల్లాడు మార్చిన భాషా ఉంటుంది.

'ట్రాన్సాక్షన్ వాడుతున్నాం కదా, ఇంకేం భయం?' అని కొందరు డెవలపర్లు అనుకుంటారు. ఈ ధీమా సరికాదు. చదివి, మార్చి, మొత్తం తిరిగి రాసే పద్ధతిలోనే ఉంటే.. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ అయిన 'రీడ్ కమిటెడ్' స్థాయి ఈ నష్టాన్ని ఆపదు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ 'రిపీటబుల్ రీడ్' కూడా ఆపదు. పోస్ట్‌గ్రెస్‌లో 'రిపీటబుల్ రీడ్' ఎంచుకుంటే మాత్రం రెండో అప్‌డేట్‌కు ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ పనిని మళ్లీ మొదటి నుంచి చేయాలి. పేరు ఒకటే అయినా రెండు డేటాబేస్‌ల తీరు వేరన్నమాట.

ఫోన్ నుంచే మొత్తం పంపిస్తే..?

డేటాబేస్‌లో సరైన ఫంక్షన్ వాడినా ఇంకో చోట దెబ్బ తగలొచ్చు. యూజర్ ఒక్క సెట్టింగ్ మార్చినా, కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద ఉన్న సెట్టింగ్స్ అన్నీ సర్వర్‌కు పంపేస్తాయి. స్క్రీన్ పది నిమిషాల కిందట తెరిచింది అయితే, పది నిమిషాల పాత విలువలన్నీ 'కొత్తవి'గా వెళ్తాయి. అందుకే ఫోన్ కూడా మారిన ముక్క మాత్రమే పంపాలి.

దీనికీ ప్రమాణాలు ఉన్నాయి. వెబ్‌లో 'పుట్' అంటే మొత్తం మార్చడం, 'ప్యాచ్' అంటే కొంత మార్చడం. ప్యాచ్ పద్ధతి 2010లో ప్రమాణంగా వచ్చింది. మార్పును ఏ రూపంలో పంపాలో చెప్పే 'జేసన్ ప్యాచ్' 2013లో, 'జేసన్ మెర్జ్ ప్యాచ్' 2014లో వచ్చాయి. మెర్జ్ ప్యాచ్‌లో ఒక మెలిక ఉంది. ఏ కీకైనా 'నల్' అని పంపితే దాన్ని తీసెయ్యమని అర్థం. ఖాళీగా వదిలిన బాక్సులన్నిటికీ యాప్ నల్ పంపిస్తే, ఆ కీలన్నీ డేటాబేస్ నుంచి మాయమవుతాయి.

జాగ్రత్త.. ఈ నాలుగు గుంతలు!

పాక్షిక అప్‌డేట్ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా పడే గుంతలు ఇవి.

1. ఒక్క నల్‌తో మొత్తం ఖాళీ: అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌బీ_సెట్‌కు కొత్త విలువగా డేటాబేస్ నల్ వెళ్తే, ఆ ఒక్క కీ కాదు.. ఫంక్షన్ జవాబు మొత్తం నల్ అయిపోతుంది. దాన్ని కాలమ్‌లో రాస్తే ఆ యూజర్ సెట్టింగ్స్ అన్నీ పోయినట్టే. డేటాబేస్ నల్ వేరు, జేసన్ లోపల రాసే నల్ వేరు అని మర్చిపోవడం వల్ల ఇలా అవుతుంది. దీనికి విరుగుడుగా 2020లో 13 వెర్షన్‌లో 'జేసన్‌బీ_సెట్_లాక్స్' తెచ్చారు. ఇంకో సులువైన రక్షణ కూడా ఉంది. ఆ కాలమ్‌కు 'నాట్ నల్' నిబంధన పెడితే చాలు. డేటా పోయే బదులు ఎర్రర్ వస్తుంది.

2. కాలమే ఖాళీగా ఉంటే: కొత్త యూజర్‌కు సెట్టింగ్స్ కాలమ్ నల్‌గా ఉందనుకుంటే, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండింటిలోనూ దాని మీద 'సెట్' చేస్తే జవాబు నల్లే. అప్‌డేట్ అయినట్టే ఉంటుంది, ఏమీ మారదు. అందుకే కాలమ్ డిఫాల్ట్‌గా ఖాళీ జేసన్ ఉండేలా చూడాలి.

3. మధ్యలో మెట్టు లేకపోతే: 'నోటిఫికేషన్స్' అనే కీ లోపల 'రాత్రి' అనే కీ మార్చాలనుకుంటే, అసలు నోటిఫికేషన్స్ కీయే లేకపోతే జేసన్‌బీ_సెట్ ఏమీ చేయదు. ఎర్రర్ కూడా ఇవ్వదు. పై మెట్టు కట్టాకే కింది మెట్టు. 14 వెర్షన్‌లో వచ్చిన బ్రాకెట్ పద్ధతి మాత్రం మధ్య మెట్లను తనే కట్టుకుంటుంది.

4. పై పొర వరకే కలపడం: పోస్ట్‌గ్రెస్‌లో రెండు నిలువు గీతల గుర్తుతో రెండు జేసన్‌లను కలపొచ్చు. కానీ అది పై పొర వరకే కలుపుతుంది. నోటిఫికేషన్స్ లోపల ఐదు కీలు ఉండి, కొత్త దానిలో ఒక్కటే ఉంటే.. మిగిలిన నాలుగూ పోతాయి. కలిపారనుకుంటారు, నిజానికి మార్చేశారు.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు పేర్ల తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. 'సెట్' అయితే కీ ఉంటే మారుస్తుంది, లేకపోతే చేరుస్తుంది. 'ఇన్సర్ట్' లేని కీనే చేరుస్తుంది. 'రీప్లేస్' ఉన్న కీనే మారుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ జేసన్_మాడిఫైలో మామూలు పద్ధతిలో నల్ ఇస్తే ఆ కీ తొలగిపోతుంది.

డిస్క్ మీద కూడా కొంచెమే రాస్తుందా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. ఆదేశంలో ఒక్క కీయే ఉన్నా, డిస్క్ మీద జరిగేది వేరు. పోస్ట్‌గ్రెస్‌లో ఏ అప్‌డేట్ చేసినా ఆ వరుసకు కొత్త ప్రతి తయారవుతుంది. వరుస సుమారు 2 కేబీ దాటితే పెద్ద విలువలను కుదించి, అవసరమైతే ముక్కలు చేసి పక్క టేబుల్‌లో దాస్తుంది. అలా దాచిన జేసన్‌లో ఒక్క అక్షరం మారినా మొత్తాన్ని మళ్లీ రాయాల్సిందే.

మైఎస్‌క్యూఎల్ 8.0 ఈ విషయంలో ఒక అడుగు ముందుకేసింది. 2018లో వచ్చిన ఈ వెర్షన్, ఉన్నచోటే ఆ ముక్కను మార్చగలదు. దీనికి షరతులు ఉన్నాయి. సెట్, రీప్లేస్, రిమూవ్ ఫంక్షన్లే వాడాలి. అదే కాలమ్ నుంచి తీసుకుని అదే కాలమ్‌లో రాయాలి. కొత్త కీ చేర్చకూడదు. కొత్త విలువ పాతదాని జాగాలో పట్టాలి.

చివరి షరతు తెలుగు మాటలతోనే తేలిగ్గా తెలుస్తుంది. కంప్యూటర్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు.. ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. 'తెలుగు' అనే మాటకు 18 బైట్లు. 'హిందీ'కి 15. కాబట్టి తెలుగు స్థానంలో హిందీ పట్టేస్తుంది. 'ఇంగ్లిష్'కు 24 బైట్లు కావాలి. అది పట్టదు. అప్పుడు జేసన్ మొత్తం మళ్లీ రాస్తుంది. ఫలితం సరిగానే ఉంటుంది, పని మాత్రం పెరుగుతుంది.

అంటే పాక్షిక అప్‌డేట్‌ను వేగం కోసమే అనుకుంటే పొరపాటు. దాని అసలు లాభం వేరే.. పక్కవారి మార్పు చెడకుండా కాపాడటం.

లిస్టుల సంగతేంటి?

'తర్వాత చూసే వీడియోలు' లాంటి లిస్టులకూ ఇదే సూత్రం. యాప్ పాత లిస్టును చదివి, ఒకటి చేర్చి, లిస్టు మొత్తాన్ని ఒకే కీ దగ్గర పెడితే మళ్లీ పాత కథే. చివర్లో చేర్చమని డేటాబేస్‌కే చెప్పాలి. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి 'జేసన్_అర్రే_అపెండ్' ఉంది. తీసేయడం ఇంకా ఇబ్బంది. 'మూడో వీడియో తీసెయ్' అని చెప్పేలోపు ఎవరో మొదటిది తీసేస్తే, నాలుగోది మూడో స్థానానికి వస్తుంది. అప్పుడు పోయేది వేరే వీడియో. ఇలాంటివాటికి వీడియోకో వరుస చొప్పున వేరే టేబుల్ పెట్టడమే మేలు.

పాత విలువ చూసి నిర్ణయం తీసుకోవాల్సిన చోట వెర్షన్ నంబర్ పద్ధతి వాడతారు. వరుసలో ఒక నంబర్ ఉంటుంది. చదివినప్పుడు 7 ఉంటే, రాసేటప్పుడు 'ఇంకా 7 ఉంటేనే రాయి, రాసి 8 చెయ్యి' అని చెబుతారు. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే ఒక్క వరుసా మారదు. అప్పుడు తాజాగా చదివి మళ్లీ ప్రయత్నించాలి. లేదంటే చదివేటప్పుడే 'ఫర్ అప్‌డేట్' అని వరుసకు తాళం వేయొచ్చు.

అన్నీ జేసన్‌లోనే ఉండాలా?

అక్కర్లేదు. థీమ్ రంగు, క్వాలిటీ లాంటివి జేసన్‌లో ఉన్నా ఫర్వాలేదు. చైల్డ్ లాక్, మెసేజ్‌లకు ఇచ్చిన అనుమతి, డబ్బు లెక్కలు లాంటివి మాత్రం సొంత కాలమ్‌లో ఉంటేనే భద్రం. అప్పుడు అది ఖాళీగా ఉండకూడదని, ఆన్ లేదా ఆఫ్ మాత్రమే ఉండాలని డేటాబేస్‌కే నిబంధన పెట్టొచ్చు. 'లాక్' అనే కీని ఒక చోట 'లాక్ స్టేటస్' అని రాసినా జేసన్ ఊరుకుంటుంది. కాలమ్ ఊరుకోదు.

డెవలపర్లు చేయాల్సిన చిన్న పరీక్ష

ఈ లోపం మామూలు టెస్టింగ్‌లో బయటపడదు. ఒకరు ఒక్కో బటన్ నొక్కి చూస్తే అంతా సరిగానే పనిచేస్తుంది. పట్టుకోవాలంటే డేటాబేస్‌కు రెండు కనెక్షన్లు తెరవాలి. రెండింటిలోనూ ఒకే యూజర్ డేటా చదవాలి. ఒకదానిలో ఒక కీ, రెండోదానిలో ఇంకో కీ మార్చి సేవ్ చేయాలి. చివర్లో రెండు మార్పులూ ఉంటే పాస్. ఒకటే ఉంటే, కోడ్‌లో ఎక్కడో మొత్తం జేసన్ తిరగరాస్తున్నట్టే.

ఇక వాడేవాళ్ల విషయానికొస్తే.. ముఖ్యమైన సెట్టింగ్ మార్చాక యాప్ మూసి, మళ్లీ తెరిచి ఒకసారి సరిచూసుకోవడం మంచిది. మళ్లీ పాతదే కనిపిస్తే యాప్ సపోర్ట్‌కు రాసేటప్పుడు 'సెట్టింగ్ పనిచేయట్లేదు' అని వదిలేయకుండా, ఆ సమయంలో ఆ అకౌంట్ ఇంకే ఫోన్‌లో, టీవీలో ఓపెన్ అయి ఉందో కూడా చెప్పాలి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి డెవలపర్‌కు అదే అసలైన క్లూ.